షింటాకి కొత్త గొంతు

భ్రమరాంబ గొంతు పోయేనాటికి 'నీలిరెక్కల ఓడ' అరవై ఒకటో భాగం దగ్గర ఉంది.

అది జపాన్ నుంచి వచ్చిన బొమ్మల సీరియల్. మొత్తం నూట నాలుగు భాగాలు. తప్పిపోయిన అక్కను వెతుక్కుంటూ ఎగిరే ఓడ ఎక్కేసిన పన్నెండేళ్ల షింటా అందులో హీరో. తెలుగు పిల్లలకు ఆ షింటా నవ్వులూ కోపాలూ ఏడుపులూ అన్నీ భ్రమరాంబవే. ఆమెకు నలభై ఆరేళ్లు. మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి. మైకు ముందు నిలబడితే మాత్రం ఎక్కడలేని అల్లరీ వచ్చేది. "అక్కా! నేనొస్తున్నాను, ఆగు!" అని ఆమె అరిస్తే, అద్దానికి ఇవతల కూర్చున్న డబ్బింగ్ డైరెక్టర్ ఇస్మాయిల్ గారు ప్రతిసారీ కుర్చీలో ముందుకు జరిగేవారు.

మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగింది. అది గొంతు నరాలను చుట్టుకుని ఉందని, తీస్తే మాటకు ప్రమాదమని, తీయకపోతే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు ముందే చెప్పాడు. తీశారు. ప్రాణం నిలిచింది. మాట గుసగుసగా మిగిలింది. పక్కన కూర్చుంటే వినపడుతుంది, రెండడుగులు జరిగితే వినపడదు.

ఇస్మాయిల్ గారు ఇంటికొచ్చి చాలాసేపు టీ కప్పు పట్టుకుని కూర్చున్నారు. చివరికి అన్నారు: "వేరే ఆర్టిస్టును చూడాలె మేడం. పిల్లలు పది రోజులు ఏడుస్తరు, తర్వాత అలవాటైతది. మీరు మనసుల పెట్టుకోవద్దు."

ఆమె తలూపింది. ఆయన వెళ్లాక వంటింట్లోకి వెళ్లి, షింటా అరుపు ఒక్కసారి అరిచి చూసింది. కుక్కర్లో ఆవిరి చప్పుడంత కూడా రాలేదు.

ఆమె భర్త విశ్వపతి నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో మాటల ప్రయోగశాల నడుపుతాడు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పాలని అతను తయారుచేసినదే గొంతుపట్టీ. రెండు వేళ్ల వెడల్పున్న మెత్తటి నల్లటి పట్టీ. మెడకు కట్టుకుని మాట్లాడితే లోపల ఏ కండరం ఎప్పుడు ఎంత బిగిసిందో, ఎప్పుడు వదులైందో అన్నీ రాసుకుంటుంది. తర్వాత ఆ రాతనే సన్నటి విద్యుత్తుగా మార్చి, గొంతును మళ్లీ అలాగే కదిలిస్తుంది. రాత కోసం ఎవరైనా ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటల తరబడి మాట్లాడాలి. "నీకన్నా ఎక్కువ మాట్లాడేదెవరు?" అని రెండేళ్లుగా అతను భార్య మెడకే దాన్ని కట్టి స్టూడియోకి పంపాడు. షింటా మాట్లాడిన ప్రతి మాటా ఆ పట్టీలో ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన పదో రోజున విశ్వపతి దాన్ని మళ్లీ ఆమె మెడకు కట్టాడు. మీట నొక్కాడు. చీమలు పాకినట్టయింది, అంతే. తెగిన నరం కింద కండరాలు కదల్లేదు. బలం పెంచాడు. ఆమెకు దగ్గొచ్చింది. అతను పట్టీ విప్పి, దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

"నీ గొంతు వినదు," అన్నాడు. "ఇంకొకరి గొంతు వినొచ్చు."

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక భర్త చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఒప్పుకున్నది ఆమే. తన గొంతు రాతను ఇంకొకరి మెడ మీద వాడుకోవచ్చన్న అనుమతి కాగితం మీద సంతోషంగా సంతకం చేసింది కూడా ఆమే. తర్వాత రోజుల్లో ఆమె ఆ సంగతి ఎప్పుడూ దాచుకోలేదు.

ముప్ఫై మంది ఆడవాళ్లు వచ్చారు. నోటి లోపలి కొలతలు, గొంతు పొడవు అన్నీ చూసే స్కానింగులో ఒక్కరివి భ్రమరాంబ కొలతలకు దాదాపు సరిపోయాయి. ఆ అమ్మాయి పేరు పైడితల్లి. ఇరవై మూడేళ్లు. చీపురుపల్లి నుంచి వచ్చి మూడేళ్లుగా అదే స్టూడియోలో సంతలో అరుపులు, ఓడ మునిగితే కేకలు, పెళ్లిలో కబుర్లు, ఇలా గుంపులో ఒక గొంతుగా నిలబడుతోంది. అందరూ పైడి అంటారు.

"నొప్పెడతదేటి సారూ?" అంది కుర్చీలో కూర్చుంటూ.

"చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది. నువ్వు ఊపిరి వదులు, మాట అనుకో. మిగతాది పట్టీ చూసుకుంటుంది," అన్నాడు విశ్వపతి.

మొదటి రెండుసార్లు కీచుమంది. మూడోసారి పైడి కళ్లు మూసుకుని ఊపిరి పీల్చింది.

"అక్కా! నేనొస్తున్నాను, ఆగు!"

విశ్వపతి కళ్లజోడు తీసేశాడు. భ్రమరాంబ తన మెడ తడిమి చూసుకుంది. తన మాట తన ఎదురుగా నిలబడినట్టుంది. పైడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "బాబోయ్, ఇది నానేనా!" అంది. ఆ మాట కూడా భ్రమరాంబ గొంతుతోనే వచ్చింది. అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి భ్రమరాంబ మళ్లీ స్టూడియోకి వెళ్లడం మొదలుపెట్టింది. పైడి పక్కన స్టూలు వేసుకుని, ఆమె చెవిలో గుసగుసగా చెప్పేది. ఇక్కడ షింటాకి భయం ఉంది కానీ చూపించకూడదనుకుంటాడు. ఇక్కడ వాడికి ఆకలిగా ఉంది, ఆ విసుగు మాటలో రావాలి. పైడి చటుక్కున పట్టుకునేది. పెదవుల కదలికకు మాట అతికించడంలో ఆమెకు మంచి నేర్పుంది. అరవై రెండో భాగం ప్రసారమైంది. అరవై మూడు, అరవై నాలుగు. ఎవరికీ తేడా తెలియలేదు. అపార్ట్‌మెంట్ కింద ఆడుకునే పిల్లలు ఆమె కనిపిస్తే "షింటా ఆంటీ, ఆరోగ్యం బాగైందా?" అని అడిగేవారు. ఆమె బొటనవేలు పైకెత్తి చూపించి లిఫ్టెక్కేసేది. లోపల ఏదో కాస్త గుచ్చుకునేది, కానీ సంతోషం దాన్ని కప్పేసేది.

విశ్వపతి కూడా రోజూ స్టూడియోకి వచ్చేవాడు. పట్టీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి కదా అనేవాడు.

అరవై ఎనిమిదో భాగం చేస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పైడీ భ్రమరాంబా మేడ మీద కూర్చుని అన్నం తింటున్నారు. పట్టీ విప్పి రెండు గంటలైంది. అయినా పైడి మాట ఇంకా భ్రమరాంబ మాటలాగే ఉంది. అప్పుడు ఫోన్ మోగింది. చీపురుపల్లిలో బట్టలు కుట్టే పైడి తల్లి చిట్టెమ్మ.

"అమ్మా, తిన్నావా?" అంది పైడి.

"ఎవరమ్మా మాటాడేది?" ఫోన్‌లో చిట్టెమ్మ గొంతు గట్టిగా వినపడుతోంది. "మా పిల్ల ఫోను మీకాడుందేటి? దానికియ్యండి."

"అమ్మా, నానే. పైడిని."

"ఆటలాడతన్నారేటి? నా కూతురి గొంతు నాకు తెల్దా? పది దినాలై అది మాటాడ్డం మానీసింది, ఒట్టి మెసేజీలెడతంది. మీరెవరో మాటాడతన్నారు. మా పిల్లకేటైందో సెప్పండమ్మా, మీకు దండవెడతాను."

పైడి వీడియో తెరిచి మొహం చూపించింది. తల్లి చూసింది. చూసినా ఆమె భయం తగ్గలేదు, పెరిగింది. "నీ మొగవే గానీ... నోట్లోంచి ఎవరే మాటాడతన్నారు?" అంటూ ఏడవడం మొదలుపెట్టింది. పైడి ఫోన్ కట్టేసింది. "మాయమ్మ అంతే మేడం, ఉత్తినే కంగారు," అని నవ్వబోయి, పళ్లెంలో చెయ్యి అలాగే పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా భ్రమరాంబదే. అరవై ఒక్క భాగాల్లో ఎన్నిసార్లో ఏడ్చిన ఏడుపు.

భ్రమరాంబ తన పళ్లెం పక్కకు పెట్టింది.

ఆ సాయంత్రమే ఆమె చెప్పకుండా ప్రయోగశాలకు వెళ్లింది. వారానికొకసారి పైడి గొంతు పరీక్ష ఉంటుంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోయబోతుంటే లోపల భర్త మాట వినపడింది.

"పరీక్ష అయిపోయింది. ఇంకొక్క మాట... నీకు ఇబ్బంది లేకపోతేనే. 'ఏమండీ, వచ్చారా?' అనమ్మా ఒకసారి."

పైడి అంది, మెల్లగా, మర్యాదగా:

"ఏమండీ, వచ్చారా?"

తలుపు సందులోంచి భ్రమరాంబకు విశ్వపతి వీపు కనిపించింది. అతను బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పైడి ఏం చేయాలో తెలియక గోడ గడియారం వైపు చూస్తోంది.

భ్రమరాంబకు కోపం రాలేదు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి ఒక మాట కోసం అలా అడుక్కోవడం చూసి జాలి వేసింది. ఆ కుర్చీలో ఇరుక్కుపోయిన పిల్లను చూసి భయం వేసింది. చప్పుడు కాకుండా మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయింది.

విశ్వపతి వచ్చాక, అతన్ని బాల్కనీలో కూర్చోబెట్టి, కుర్చీ దగ్గరగా లాక్కుని అడిగింది.

"పైడి గొంతు వెనక్కి రావడం లేదు. మీకు తెలుసా?"

అతను రోడ్డు వైపు తిరిగాడు. "మొదటి వారం పట్టీ విప్పిన అరగంటకి తన మాట తనకొచ్చేది. రెండో నెలకి ఒక పూట పట్టింది. ఇప్పుడు రెండు రోజులు సెలవిచ్చినా రావడం లేదు."

"ఇంకా?"

"ఇంకో ఐదారు భాగాలు. ఆ తర్వాత ఆ కండరాలకి ఈ దారి తప్ప వేరే దారి గుర్తుండదు."

"ఆ అమ్మాయికి చెప్పారా?"

తల అడ్డంగా ఊపాడు. "మొదట్లో ఆ మార్పు అదే పోతుందిలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను భ్రమరా. తర్వాత తర్వాత... పోకపోతే బాగుండనిపించింది."

అతనే మళ్లీ అన్నాడు: "తాళం తీసుకుని లోపలికొస్తాను. ఇంట్లో నువ్వున్నావో లేవో తెలియదు. ఇరవై రెండేళ్లు తలుపు తీయగానే ఒక మాట వినపడేది..."

"ఇప్పుడూ అంటున్నానండీ," అంది ఆమె. "వంటింట్లోంచి రోజూ అడుగుతూనే ఉన్నాను, వచ్చారా అని. మీరు హాల్లోనే కూర్చుండిపోతున్నారు. నాలుగడుగులు లోపలికొస్తే వినపడుతుంది."

విశ్వపతి ఆమె మొహంలోకి చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అతను ఆమె మొహంలోకి అంతసేపు చూడటం అదే మొదటిసారి. తర్వాత ఆమె చెయ్యి తీసుకుని తన కళ్లకు ఆనించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి పైడికి అంతా చెప్పారు. దాచిపెట్టినందుకు విశ్వపతి క్షమాపణ అడిగాడు. పైడి ఏడుస్తుందనుకున్నారు. ఆమె పట్టీని రెండు చేతులతో దగ్గరకు లాక్కుంది.

"అయితే ఏటి? ఉండిపోతే ఉండిపోనీండి. నా గొంతుకి మూడేళ్లలో ఒక్క పేరున్న పాత్ర ఇచ్చినారా ఎవరైనా? నోరిప్పితే సాలు, 'ఆ యాస మార్చుకో' అనేవోరు. ఇప్పుడు మారింది. అందరికీ నచ్చింది. మీరే మద్దెలో ఆపీమంటారా?"

"మీ అమ్మ?" అంది భ్రమరాంబ.

"అలవాటైపోద్ది." ఆ మాట అంటున్నప్పుడు పైడి ఎవరి వైపూ చూడలేదు.

భ్రమరాంబ స్టూలు జరుపుకుని, ఆమె చెవి దగ్గరకు వంగింది. "నా గొంతును రోగం తీసుకుపోయింది తల్లీ. దాన్నేం చేయలేం. నీ గొంతును మేం తీసుకుంటున్నాం. అది ఆపగలం. షింటా నీ దగ్గరే ఉంటాడు. ఇస్మాయిల్ గారితో నేను మాట్లాడతాను. నీ గొంతుతోనే చెయ్యి."

"నా గొంతుతో షింటా బాగోడు మేడం."

"నువ్వింకా చేసి చూడలేదుగా."

పైడి ఆ నల్లటి పట్టీ వంక చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, వేలితో విశ్వపతి వైపు నెట్టింది.

అనుమతిచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు భ్రమరాంబ రాసిచ్చింది. ఆమె గొంతు కదలికల రాత మొత్తం, రెండేళ్లది, విశ్వపతే చెరిపేశాడు. అది ఇంకెవరి మెడ మీదా మళ్లీ పలకదు. చెరపడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

ఇస్మాయిల్ గారు మొదట నెత్తి కొట్టుకున్నారు. "మేడం, శనివారం డెబ్బయ్యో భాగం పోవాలె. ఛానల్ వాళ్లకు నేనేం చెప్పాలె?" ఒక గంట అటూ ఇటూ తిరిగాక ఆయనకే ఒక ఉపాయం తోచింది. పన్నెండేళ్ల పిల్లగాడు కదా, గొంతు మారుతోందని జనం అనుకుంటారు, మనమేం చెప్పొద్దు అన్నారు. భ్రమరాంబ ఒప్పుకోలేదు. చేసిన మనిషి పేరు తెర మీద పడాలంది. మూడు వారాలు పాత భాగాలే మళ్లీ వేశారు.

ఆ మూడు వారాలూ ప్రయోగశాలలో పని తలకిందులైంది. ఇన్నాళ్లూ పైడి గొంతుకు కొత్త దారి నేర్పిన మనిషి, ఇప్పుడు పాత దారి గుర్తుచేయడానికి కూర్చున్నాడు. పట్టీ లేదు, మీటలు లేవు. మంచి వైద్యం చిట్టెమ్మ దగ్గర దొరికింది. జరిగిందంతా ఆమెకు చెప్పి, రోజూ సాయంత్రం ఫోన్ చేసి పైడితో మాట్లాడించడమే. చుట్టాల పేర్లు, ఊళ్లో గొడవలు, చెరువు గట్టు మీద ఎవరు ఎవరిని తిట్టారో ఆ తిట్లు. "ఇప్పుడనవే, 'ఏటి సేస్తన్నావు' అను," అని తల్లి అడిగేది. మొదటి వారం చిట్టెమ్మ విని ఊరుకునేది. పదకొండో రోజున పైడి ఏదో మాట మధ్యలో "ఎల్లిపోనాది" అంది. అవతల చిట్టెమ్మ కేక వేసింది. "అదిగో! అదే! వొచ్చింది నా పిల్ల!"

గొంతు ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. కొంచెం బొంగురు, కొంచెం మట్టి, మాట చివర చిన్న సాగతీత.

డెబ్బయ్యో భాగం మొదట్లో తెర మీద పడింది: 'ఈ భాగం నుంచి షింటాకి గొంతు ఇస్తున్నవారు పైడితల్లి.' ఆ రాత్రికే ఛానల్‌కి సందేశాలు కుప్పలుగా వచ్చాయి. మా షింటాని మాకిచ్చేయండి. ఈ గొంతు చెవుల్లో ఇసుక పోసినట్టుంది. కరీంనగర్ నుంచి ఒక చిన్నపాప మాట్లాడి పంపింది: "గీడు దొంగ షింటా. అసలు షింటాను ఎవరో ఎత్తుకపోయిండ్రు."

పైడి అవన్నీ విన్నది. మర్నాడు స్టూడియోకి రాలేదు. భ్రమరాంబ ఆమె గది వెతుక్కుంటూ వెళ్లి, మూడంతస్తులు నొప్పి మోకాళ్లతో ఎక్కి, గడప మీద కూలబడింది. ఊపిరి అందాక అంది: "మొదటి పది భాగాలకి నన్నూ ముసలి షింటా అన్నారు. ఆ ఉత్తరాలు మా ఇంట్లో ఉన్నాయి, చూపిస్తాను రా."

పైడి వచ్చింది. తిట్లు తగ్గుతూ వచ్చాయి గానీ పూర్తిగా ఆగలేదు.

డెబ్బై ఎనిమిదో భాగంలో షింటా చివరికి అక్కను కనుక్కుంటాడు. ఆ అక్క అతన్ని గుర్తుపట్టదు. జపాన్ గొంతు అక్కడ గుండె పగిలేలా అరిచింది. భ్రమరాంబ కూడా ఆ అరుపు ఎలా అరవాలో మనసులో ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. పైడి చెవిలో అదే చెప్పింది. పైడి విని తలూపి, మైకు ముందుకు వెళ్లింది. తెర మీద షింటా నోరు పెద్దగా తెరిచాడు. పైడి అరవలేదు. ఆ నోటి కదలికంతా సరిపోయేలా, ఊపిరి సాగదీసి, దాదాపు బతిమాలుతున్నట్టు అంది:

"అక్కా... నానే. నానే అక్కా."

'నేనే' అనాల్సిన చోట 'నానే' అంది. ఇస్మాయిల్ గారు ఆపమనలేదు. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "మేడం," అన్నారు, "గట్ల మీకు తోచేదా?"

భ్రమరాంబ నిజాయితీగా ఆలోచించింది. తోచేది కాదు. తన షింటా ఆ రోజుతో వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె లేచి, లోపలికి వెళ్లి, పైడి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

నూట నాలుగో భాగం పూర్తయ్యే రోజున కూతురి పని చూడాలని చిట్టెమ్మ చీపురుపల్లి నుంచి రైలెక్కి వచ్చింది. ముదురాకుపచ్చ చీర కట్టుకుంది, మెడలో కొలత టేపు తీయడం మరచిపోయింది. అద్దానికి ఇవతల భ్రమరాంబ పక్కన కూర్చోబెట్టారు. లోపల షింటా ఓడ దిగి ఇంటికి వెళ్తున్నాడు. ప్రతి మాటకూ చిట్టెమ్మ తలూపుతోంది. ఇది మా పిల్లే, ఇదీ మా పిల్లే.

చివర్లో షింటా నవ్వాలి. పైడి నవ్వింది. స్వచ్ఛంగా, గలగలా, వెనక్కి వాలిపోతూ.

చిట్టెమ్మ తలూపడం ఆపేసింది. అద్దంలోంచి కూతుర్ని చూసి, నెమ్మదిగా పక్కకు తిరిగింది.

"ఆ నవ్వు మా పిల్లది కాదమ్మా," అంది. "మీదేనా?"

భ్రమరాంబ తలూపింది. "అదొక్కటి వెనక్కి రాలేదండీ. చాలా ప్రయత్నించాం. మమ్మల్ని క్షమించండి."

"ఏటన్నారు?" చిట్టెమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని చెవి ఒగ్గింది. భ్రమరాంబ మళ్లీ చెప్పింది. చిట్టెమ్మ విని, మళ్లీ అద్దం వైపు తిరిగింది.

"సిన్నప్పట్నుంచీ పళ్లొంకరని అది నోటికి సెయ్యడ్డమెట్టుకునే నవ్వీది," అంది. "ఎన్నిసార్లు సెప్పినాను, నోరారా నవ్వే అని. ఇన్లేదు. ఇప్పుడు సూడండి, నవ్వతంది." భ్రమరాంబ చెయ్యి తట్టింది. "ఉండనీండమ్మా. దానికాడ ఉండనీండి."

ఇస్మాయిల్ గారు ఇంకొక్కసారి కావాలన్నారు. అద్దానికి అవతల పైడి మళ్లీ నవ్వింది. ఈసారి ఇద్దరు ఆడవాళ్లూ కలిసి విన్నారు.